బల్లపరుపు పడవ పగ

నేను ఒక పడవను. మనిషిని మింగిన పడవ అని ఊళ్లో నాకు చాలాకాలం పేరుండేది. నేనెవర్నీ మింగలేదు. మింగాలని మాత్రం ఒక్కడి విషయంలో ఆశపడ్డాను. వాడి పేరు తాతబ్బాయి. వాడే నా మొదటి యజమాని.

గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పక్కన మా ఊరు. పాయ సముద్రంలో కలిసే ఆ నోటిని మావాళ్లు మొగ అంటారు. మొగకు ఇవతల మోకాలిలోతు నీళ్లు, ఇసుక తిప్పలు. అవతల మనిషెత్తు అలలు. ఇలాంటి చోట పడవ కట్టించేవాడు ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. అడుగు బల్లపరుపుగా ఉంటే పడవ ఎంత తక్కువ నీళ్లలోనైనా జారిపోతుంది, అలల మీద మాత్రం చెంపదెబ్బలు తింటుంది. అడుగు కోసుగా, లోతుగా ఉంటే అలల్ని చీల్చుకుపోతుంది, ఇసుక తగిలితే మాత్రం కూలబడుతుంది. రెండు సుఖాలూ ఒకే పడవలో కావాలనుకోవడం మనుషులకే చెల్లింది.

అప్పలాచారి అనే వడ్రంగి నన్ను కాలువల్లో రొయ్యల వేట కోసం బల్లపరుపు అడుగుతో కట్టాడు. నన్ను నడిపినవాడు లోవరాజు, తాతబ్బాయి చిన్నాన్న కొడుకు. ఇసుక తగులుతుందనుకున్న చోట ముందే దిగి భుజంతో నెట్టేవాడు తప్ప, నన్ను ఒక్కనాడూ ఇసుక మీద ఈడ్చలేదు. అలాంటివాడు పోయి, తాతబ్బాయి మిగిలాడు. అదీ నా కడుపుమంట.

ఒక ఏడాది చందువా చేపలన్నీ మొగ అవతలే పడ్డాయి. తాతబ్బాయికి చూస్తూ ఊరుకోవడం చేతకాలేదు. కొత్త పడవ కట్టించే దాకా ఆగలేక, నా అడుగున పొడవునా ఒక దూలం కొట్టిస్తే నేనే సముద్రానికి పనికొస్తానని తేల్చేశాడు.

"ఒద్దండి," అన్నాడు అప్పలాచారి. "ఇసక తగిల్తే దూలంతోపాటు అడుగు సెక్క కూడా ఊడొచ్చేత్తది."

తాతబ్బాయి వినలేదు. పొరుగూరి నుంచి ఎవడినో తెచ్చి మేకులు దిగ్గొట్టించాడు. నాకు ప్రాణముందా లేదా అన్నది మీ ఇష్టం, ఆ మేకులు దిగిన చోట్లు మాత్రం నాకిప్పటికీ తెలుసు.

బయల్దేరబోయే ముందు లోవరాజు నా పక్కన నిలబడి, "అన్నా, దీంతో మొగ దాటొద్దు," అన్నాడు.

"బయ్యమైతే ఇంటికాడ కూకుని గాజులేస్కో," అన్నాడు తాతబ్బాయి, నలుగురూ వినేలా.

ఆ మాట పడ్డాక మగాళ్లకు బుర్ర పనిచెయ్యదు. లోవరాజు ఎక్కేశాడు.

తిరిగొచ్చేటప్పుడు దూలం మొగ మీద ఇసుకలో దిగబడింది. వెనకనుంచి వచ్చిన అల నన్ను ముందుకు తోసింది. దూలం అక్కడే ఉండిపోయింది, దాంతోపాటు నా అడుగు చెక్కా ఉండిపోయింది. నీళ్లు ఒక్కసారిగా లోపలికి వచ్చాయి. తాతబ్బాయి ఈదుకుంటూ బయటపడ్డాడు. చుక్కాని దగ్గరున్న లోవరాజు వలలో చిక్కుకుని పోయాడు.

నన్ను ఒడ్డుకు లాగాక నా కన్నం ఊరంతా చూసింది. కానీ మావాళ్లకు ఒక కట్టడి ఉంది. ఆడవాళ్లు వేట పడవలో కాలు పెట్టకూడదు. చేపలు కావాలంటే నడుంలోతు నీళ్లలో నిలబడి గంప చాపాల్సిందే. అంతకు ముందురోజు లోవరాజు భార్య నూకరత్నం మొగుడికి అన్నం క్యారేజీ అందిస్తూ, తూలి, ఒక కాలు నాలో పెట్టింది. తాతబ్బాయికి ఆ కాలు దొరికింది.

"ఆడకాలు పడ్డాది. అందుకే పడవ మడిసిని మింగేసింది," అని రేవంతా చాటాడు.

కన్నం కళ్లెదుటే ఉంది. అయినా ఊరు కన్నాన్ని వదిలేసి కాలినే నమ్మింది. నన్ను మడపొదల్లో బోర్లించి పారేశారు. నూకరత్నాన్ని రేవులోకి రానివ్వలేదు. చేపలమ్ముకుని బతికే మనిషిని రేవుకు రావద్దంటే చచ్చిపొమ్మని చెప్పినట్టే. మొగుణ్ణి మింగినదని వెనకాల గొణిగారు, తర్వాత మొహం మీదే అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది లోవరాజు మేనత్త కొండమ్మ.

ఒక మధ్యాహ్నం నూకరత్నం నన్ను వెతుక్కుంటూ మడల్లోకి వచ్చింది. ఏడవడానికి వచ్చిందనుకున్నాను. ఆమె ఏడవలేదు. కన్నంలో చెయ్యి పెట్టి అంచులన్నీ తడిమి, "ఆడి నోటితోటే సెప్పిత్తాను," అంది. అప్పటినుంచి నేను ఆమె పడవను.

నన్నిమ్మని అడిగితే తాతబ్బాయి, "పట్టుకెల్లి పొయ్యిలో పెట్టుకో," అన్నాడు. వాడప్పటికి సముద్రం కోసమని కొత్త పడవ కట్టించుకున్నాడు. నూకరత్నం నన్ను అప్పలాచారి దగ్గరకు చేర్చింది. మళ్లీ కట్టేటప్పుడు ఎలాంటి అడుగు పెట్టమంటావని అతను అడిగాడు.

"మా బావగోరి కొత్త పడవకి ఎలాంటిది?" అంది ఆమె.

"కోసు అడుగమ్మా. అలల్లో బాగా పోద్ది. ఆటులో నీరు తగ్గినప్పుడు మొగ మీదకొచ్చిందా, కూలబడి పక్కకి ఒరిగిపోద్ది."

"అలా కూలబడ్డ సోటికి ఏ పడవెల్తాది?"

"బల్లపరుపుదే ఎల్లాలి."

"అదే కట్టండి."

అప్పలాచారి ఆమె మొహం వంక ఒకసారి చూసి, ఉలి అందుకున్నాడు. నాకు ఒళ్లంతా ఉత్సాహం వచ్చింది. లోకంలో పడవలు చేపల కోసం కడతారు, జనాన్ని దాటించడానికి కడతారు. నన్ను పగ కోసం కట్టారు.

తర్వాత ఆమె మడకాలువల్లో పీతలు పట్టి, పక్కూళ్లో అమ్ముకుని బతికింది. ఆడది పడవ నడపడమేమిటని ఊరు ముక్కున వేలేసుకుంది. ఆమె లెక్కచెయ్యలేదు. ఆటు మొదలైతే చాలు, నన్ను తోసే గెడ ఆపి మొగవైపు చూసేది. నేనూ చూసేదాన్ని.

గాలి బలంగా ఉన్న ఒక పొద్దున మా నిరీక్షణ ఫలించింది. తాతబ్బాయి ఇద్దరు కూలీలతో, పడవ నిండా చేపలతో ఆలస్యంగా తిరిగొచ్చి, ఆటులో మొగ మీద కూలబడ్డాడు. పడవ పక్కకి ఒరిగింది. అలలు దాని మీద విరుచుకుపడుతున్నాయి. అక్కడ నడుంలోతు నీళ్లే, కానీ ఆటు లాగితే కాళ్లు నిలవవు, కొట్టుకుపోతే సముద్రంలోకే. ఒడ్డున జనం కేకలు పెడుతున్నారు. తాతబ్బాయిని చూసి ఊరంతా కోసు అడుగు పడవలే కట్టించుకుంది. వెళ్తే అవీ కూలబడతాయి.

మేం వెళ్లాం. జాలిపడి వెళ్లామనుకోకండి. బతికుంటేనే కదా వాడు నోరు విప్పేది.

మనిషికి అందేంత దూరంలో నూకరత్నం గెడ దిగేసి నన్ను ఆపింది. "మీరిద్దరూ ఎక్కండ్రా," అంది కూలీలతో. వాళ్లకు ఏ కట్టడీ గుర్తురాలేదు. తాతబ్బాయి కూడా నా అంచు మీద చెయ్యి వేశాడు.

"ఆగండి బావగోరూ. ఇది ఆడకాలు పడ్డ పడవ. తవరెలా ఎక్కుతారు?"

"రత్నం, నీ కాళ్లట్టుకుంటాను..."

"నా కాలే కదండీ మీ తమ్ముణ్ణి మింగింది! కాదంటే కాదని సెప్పండి."

అల వచ్చి వాడి తల మీదనుంచి వెళ్లింది. వాడు దగ్గాడు, ఉక్కిరిబిక్కిరయ్యాడు.

"కాదు. నీ కాలు కాదు. ఆచారి ఒద్దన్నాడు, లోవరాజు ఒద్దన్నాడు. నేనే దూలం కొట్టించాను. నేనే ఆణ్ణి ఎక్కించాను."

"ఇన్నారా అబ్బాయిలూ?" అంది నూకరత్నం. కూలీలిద్దరూ తలూపారు.

అయినా ఎక్కనివ్వలేదు. నడుముకు కట్టుకోమని తాడు విసిరింది. తిప్పల పక్కనున్న తక్కువ నీళ్లలోంచి వాణ్ణి ఈడ్చుకుంటూ వచ్చాం. ఒక్క అల కలిసొస్తే వాడి తల నా చుక్కానికి కొట్టుకునేది. ఆశగా చూశాను. రాలేదు.

రేవులో ఊరంతా ఉంది. వాడు ఒడ్డెక్కబోతుంటే నూకరత్నం తాడు బిగించి పట్టుకుంది. "అక్కడన్న మాట ఈళ్లకీ సెప్పండి," అంది. తాతబ్బాయి కూలీల వంక చూశాడు. అబద్ధమాడే దారి లేదు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి, తల దించుకుని, అంతా చెప్పాడు.

కొండమ్మ మొగవైపు చూసింది. "గాలి తగ్గింది. ఆ పడవలో సేపలు ఎండకి పాడైపోతాయే," అంది. అంతకంటే క్షమాపణ ఆమెకు చేతకాలేదు. చీర ఎగదోపి, గంప తీసుకుని, నాలో కాలు పెట్టింది. వెనకాలే ఇంకొకామె ఎక్కింది, ఆమె వెనక మరొకరు. అందరి బరువుకూ నా అడుగు ఇసుకకు ఆనింది.

తాతబ్బాయి నడుముకున్న తాడు విప్పుకోబోయాడు.

"తాడు తరవాత ఇప్పుకోవచ్చు," అంది నూకరత్నం గెడ అందుకుంటూ. "ముందు తొయ్యండి, బావగోరూ."

తోశాడు.