డ్రైవరు వైపు తలుపు

నేను ఒక లారీ తలుపుని. అందులోనూ డ్రైవరు వైపు తలుపుని. బండికి దిష్టి తగలకూడదని నిమ్మకాయలు బంపరుకి కడతారు. దసరాకి దండ బానెట్టుకి వేస్తారు. ఇంకా కాస్త కుంకం మిగిలితే స్టీరింగుకి పెడతారు. నాకు దక్కేవి మాత్రం తన్నులు. ఎంతటి డ్రైవరైనా బండెక్కాలంటే ముందు నా చెయ్యే పట్టుకోవాలి. ఆ సంగతి మనుషులకి గుర్తుండదు, నాకుంటుంది.

బెజవాడ ఆటోనగర్‌లో పుట్టాను. వడ్రంగి టేకు చట్రం బిగిస్తే, మేస్త్రి దానికి రేకు తొడిగాడు. పెయింటరు నా మీద తామరపువ్వు వేశాడు గానీ అది చూసేవాళ్ళకి క్యాబేజీలా ఉండేది. మొదట ఒక ధాన్యం మిల్లువాళ్ళ దగ్గర పనిచేశాను. డ్రైవర్లు ఊరికే మారిపోయేవాళ్ళు, ఎవడి విసురు వాడిది. తర్వాత కోటిలింగం నన్ను కొనుక్కున్నాడు. నన్నంటే నన్నని కాదు, లారీని. తలుపు కోసం బండి కొనేవాడు ఉండడు కదా.

కోటిలింగం దగ్గరే నన్ను క్యాబినుకి పట్టి ఉంచే బందులు అరిగిపోయి నేను కిందికి జారాను. బాగుచేయించడానికి అతనికి తీరికేదీ? దుగ్గిరాల పసుపు దించితే గుంటూరు మిర్చి ఎత్తాలి. అందుకని ఒక కిటుకు కనిపెట్టాడు. ఎక్కి కూర్చుని, కుడిచేత్తో నన్ను కాస్త పైకెత్తి, ఒక్క గుంజు గుంజేవాడు. ఢభేలుమని గడియ పడి మూసుకునేదాన్ని. ఆ గుంజుడు ఇంకెవరికీ చేతనయ్యేది కాదు. అది చూసుకుని అతనికి కొంచెం గర్వం కూడానూ.

ఆ కుడిచెయ్యే పడిపోయింది. ఒకనాడు పొద్దున్నే పక్షవాతం వచ్చింది. లారీలు తూచే కాటా వెనకాల బండిని నిలిపి పట్టా కప్పేశారు. ఎలకలు సీటు తిన్నాయి, తుప్పు నన్ను తింది.

కోటిలింగం మెల్లగా కోలుకున్నాడు. నడక వచ్చింది, చేతికి సగం బలం వచ్చింది. కానీ అప్పటికే అతని పనులన్నీ భార్య సామ్రాజ్యం చేతుల్లోకి వెళ్ళిపోయాయి. చొక్కా గుండీలు ఆవిడే పెట్టేది, అన్నం ఆవిడే కలిపి నోట్లో పెట్టేది. ప్రేమగానే చేసేది. ఆ ప్రేమకే అతను లోలోపల కుంగిపోతున్నాడు. చివరికి బండిని ఆటోనగర్‌కి తెప్పించి ఖాజావలి మేస్త్రికి అప్పజెప్పాడు.

"ఖాజా, ఇంజనూ రంగూ నీ ఇష్టం. తలుపు మాత్రం నా అంతట నేనే వేసుకోవాలి. అదీ ఇంకోళ్ళు వెయ్యాల్సొస్తే ఈ బండి నాకొద్దు, అమ్మెయ్యి."

ఖాజావలి నన్ను ఊడదీసి తుప్పు గోకాడు, కొత్త బందులు వేశాడు, కొత్త రబ్బరు అతికించాడు. నాలుగువైపులా సందు ఒకేలా వచ్చేదాకా నా లైను సరిచేశాడు. వేలితో తోస్తే పడ్డాను. షెడ్డువాళ్ళంతా వచ్చి చూసి మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను.

ఆ తర్వాత కొత్త సీటు వచ్చింది. కోటిలింగం ఎక్కి కూర్చుని నన్ను లాక్కున్నాడు. నా గడియ కొండికి అందలేదు. మళ్ళీ లాగాడు. అయినా అందలేదు. ఖాజావలి బయటినుంచి తొయ్యబోయాడు.

"ముట్టుకోకు," అన్నాడు కోటిలింగం. స్టీరింగు మీంచి చెయ్యి తీసేసి, "అమ్మకానికి పెట్టు ఖాజా," అన్నాడు.

అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చిన సామ్రాజ్యం ఆ మాట విని అక్కడే నిలబడిపోయింది. ఖాజావలి వంగి క్యాబిను అడుగు చూశాడు, నా సందు చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు.

"సీటు లేకుండా, మనిషి లేకుండా లైను చూశాను బాబాయ్! పాత చెక్క గదా, నువ్వు కూర్చుంటే అడుగు కుంగుతుంది. దిగమాక, అట్టాగే కూర్చో. పిన్నీ, నువ్వు అటుపక్క ఎక్కు."

"నేనెందుకురా?"

"రెండువైపులా బరువుంటేనే లైను తెలిసేది. అయినా క్లీనరు లేకుండా బండి కదులుద్దా పిన్నీ!"

కాపురానికొచ్చిన నాటినుంచీ ఆ బండి కూడు తిన్న మనిషి, ఆ బండెక్కడం అదే మొదలు. లారీ క్యాబిన్లో ఆడవాళ్ళకేం పని అనేవాడు కోటిలింగం. ఇప్పుడు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ కూర్చుంది. ఖాజావలి నా బందులు వదులుచేసి, కింద గుడ్డ చుట్టిన గడ్డపార పెట్టి లేపి, ఒక రేకుముక్క దూర్చి మళ్ళీ బిగించాడు.

"ఇప్పుడెయ్యి బాబాయ్."

లాగాడు. సగమే పడ్డాను. అలవాటు కొద్దీ సామ్రాజ్యం చెయ్యి అతని ఒడి మీదుగా నా దాకా వచ్చేసింది. అంతలో ఆగింది. ఆవిడ ఆ చేతిని వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"మళ్ళీ వెయ్యి," అంది.

వేశాడు. టక్కుమని పడ్డాను. నన్ను తెరిచి మళ్ళీ వేశాడు. ఇంకోసారి వేశాడు. పెళ్ళికొడుకు వాచీ చూసుకున్నట్టుంది అతని వరస.

"మరి నా తలుపెవరేస్తారు?" అంది సామ్రాజ్యం.

"పక్కనేగా ఉంది, వేసుకో."

"నాకు రాదు."

ఆ ఎడమవైపువాడు నా తోడబుట్టినవాడే. ఊదితే పడతాడు. ఇందాక ఎక్కేటప్పుడే ఆ సంగతి ఆవిడకీ తెలిసింది. కోటిలింగం గొణుక్కుంటూ దిగి, బంపరు పట్టుకుని చుట్టూ తిరిగి వెళ్ళాడు. "కొంగు లోపల పెట్టుకో," అని చెప్పి ఆవిడ తలుపు వేశాడు. ఎన్నాళ్ళకో ఆవిడ కోసం అతను చేసిన పని అది. తిరిగొచ్చి ఎక్కి నన్ను వేసుకున్నాడు.

సామ్రాజ్యం క్యారేజీ విప్పింది. కలపకుండానే గిన్నె అతని చేతికిచ్చి, ముఖం అటు తిప్పుకుని రోడ్డు చూస్తూ కూర్చుంది. అతను వణికే చేత్తో కలుపుకుని తిన్నాడు. నాలుగు మెతుకులు నా మీద పడ్డాయి. ఎవరూ తుడవలేదు.

దసరా దండ బానెట్టుకే వెయ్యనివ్వండి. నాకు ఆ నాలుగు మెతుకులు చాలు.