మరక పడిన సాయంత్రం

నేను ఒక గుమ్మం తెరను. జపాన్‌లో నన్ను నోరెన్ అంటారు. నూలుతో నేసి, నీలిమందు తొట్టిలో పదకొండు మునకలు వేయించి, నడుమ నిలువునా చీల్చి, ఒసాకాలోని ఓ ఇరుకు సందులో కిచిజో ఇజకాయాకు తగిలించారు. ఇజకాయా అంటే సాయంత్రం నలుగురూ చేరి తాగుతూ, నంజుకుంటూ, పై అధికారులను తిట్టుకునే చిన్న కొట్టు. వచ్చిన ప్రతివాడూ నన్ను పక్కకు నెట్టే లోపలికి వెళ్తాడు. నెట్టించుకోవడమే నా ఉద్యోగం.

పాతకాలంలో ఇక్కడో అలవాటుండేది. తిన్నవాళ్ళు వెళ్తూ వెళ్తూ జిడ్డు వేళ్ళు గుమ్మం తెరకు తుడిచేవారు. తెర ఎంత మురికిగా ఉంటే కొట్టుకు అంత పేరు. నేను పుట్టేసరికి తడి తువ్వాళ్ళు వచ్చేశాయి, నాకు చెయ్యి తుడిచిన నాథుడు లేడు. మరి నా అంచున ఈ నల్లటి మరకలేమిటంటారా? చెబితే మా యజమాని పరువు పోతుంది. అయినా చెబుతాను. కొట్టు తెరిచిన కొత్తలో ఈగలు తోలుకుంటూ కూర్చున్న కిచిజో, తలుపు తీయకముందే కుంచెతో నాకు సోయా సాస్ పూసేవాడు. ముప్పై ఏళ్ళుగా పూస్తూనే ఉన్నాడు. దారిన పోయేవాళ్ళు నన్ను చూసి “ఎంత పేరున్న కొట్టో!” అంటుంటే సిగ్గుతో చచ్చేదాన్ని.

ఈమధ్య మిజుహో అనే గైడు అమ్మాయి, విదేశీయులను సాయంత్రం పూట సందుల్లో నడిపించి ఇజకాయాలు చూపించే పని పెట్టుకుంది. రెండు కొట్లు ఒప్పుకున్నాయి. మూడోది దొరక్కపోతే ఆ నడక నడవదు, ఆమె వదిలేసి వచ్చిన ఆఫీసుకే తిరిగి పోవాలి. కిచిజో పదిసార్లు కాదని, చివరికి మెత్తబడ్డాడు.

“ఒక్క సాయంత్రం చూస్తాను. ఏ చిన్న గొడవ జరిగినా మళ్ళీ ఎవర్నీ తేవద్దు.”

ఆ సాయంత్రం వచ్చిన ఆరుగురిలో మంగళగిరి దంపతులు పానకాలరావు, భ్రమరాంబ ఉన్నారు. భ్రమరాంబ గుమ్మంలోనే నా అంచు నలిపి చూసింది.

“నూలేనండీ. రంగు కూడా గట్టిదే. ఉతకటానికే ఒళ్ళొంగలేదు వీళ్ళకి.”

ఆవిడ భాష నాకెలా తెలుసంటారా? గుమ్మంలో ముప్పై ఏళ్ళు వేలాడి చూడండి, అన్నీ వస్తాయి.

ఆవిడ ముఖం చిట్లించడం చూసి మిజుహో కంగారుగా పాత అలవాటు సంగతి చెప్పింది. పానకాలరావు ముఖం వెలిగిపోయింది. ఇంట్లో కర్టెన్‌కు చెయ్యి తుడుస్తాడని ఆయన పాతికేళ్ళుగా తిట్లు తింటున్నాడట. ఒక దేశమంతా తన పక్షాన ఉందని ఆ రోజే తెలిసింది పాపం.

లోపల ఆయన పుల్లలకు గుచ్చి కాల్చిన కోడి ముక్కలు ఎనిమిది పుల్లలు లాగించాడు. ఆవిడ కాల్చిన వంకాయ తింది. ఇద్దరూ చేత్తోనే. బయటికి వస్తూ ఆయన గుమ్మంలో ఆగి, పది వేళ్ళూ తీరుబడిగా నాకు తుడిచాడు.

“ఏవండీ! ఇంట్లోవి చాలక ఇక్కడ కూడానా?”

“నువ్వుండవే. ఇక్కడిది మర్యాదంట!”

కిచిజో పొయ్యి వదిలి వచ్చేశాడు. మిజుహో ముఖం పాలిపోయింది, నడుం దాకా వంగి క్షమాపణలు మొదలుపెట్టింది. కిచిజో ఆమెను చూడనే లేదు. నా అంచు ఎత్తి వాసన చూశాడు. కోడి కొవ్వు, బొగ్గు పొగ, తన వంట. కుంచె పూసింది కాదు, తిన్నవాడు తుడిచింది. ఆయనకు ఏడుపొచ్చింది. నాకూ వచ్చింది.

“వచ్చే గురువారం ఎంతమంది?” అని మిజుహోను అడిగాడు.

ఆమె వంగిన నడుం ఎత్తకుండానే ఎనిమిది వేళ్ళు చూపించింది.

“తీసుకురా. అది సరే, ఆవిడ తుడవకుండా పోతోందేం? నా వంకాయ బాగాలేదా?”

మిజుహో ఆ మాట భ్రమరాంబకు చెప్పింది. ఆవిడ నన్ను చూసింది, కిచిజోను చూసింది, చివరికి భర్తను చూసింది.

“ముందు మీరు అటు తిరగండి” అంది.

ఆయన తిరిగాడు. ఆవిడ రెండు చేతులూ, ముందూ వెనకా, నాకు సుబ్బరంగా తుడిచింది.