ఆయనకు చెప్పని ట్యూనింగ్

ఆమె పనిచేసే ఆసుపత్రి కొండకు అవతల ఉంది. అక్కడి రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం. కారు కొన్న కొత్తలో ఆ మలుపుల దారి ఆమెకు సరదాగానే ఉండేది. ఒకరోజు ఎత్తు మీద సిమెంటు లారీని దాటబోతే, కారు సగంలో ఆయాసపడిపోయింది. ఎంత తొక్కినా వేగం అందుకోలేదు. ఎదురుగా బస్సు వచ్చేసింది. బ్రేకు కొట్టి ఎలాగో మళ్ళీ లారీ వెనక్కి వచ్చి పడింది గానీ, ఆ రోజంతా ల్యాబ్‌లో సూది పని పక్కావిడకు అప్పగించింది.

ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. భర్తకు కళ్ళద్దాల షాపుంది. ఆయన మహా జాగ్రత్త మనిషి. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లాగి చూసే రకం. కారుకి కంపెనీ ఇచ్చిన వారంటీ చాలదని ఇంకో రెండేళ్ళు పొడిగించుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా కారు చూపించే ముందు వారంటీ గురించి చెప్పేవాడు. బస్సు సంగతి తెలిస్తే ఉద్యోగమే మానెయ్యమంటాడని ఆమె భయం.

తమ్ముడికి మాత్రం చెప్పుకుంది. వాడు ఆమెను గడ్డం దగ్గరికి తీసుకెళ్ళాడు. గడ్డం అంటే ఇంజన్లు ట్యూన్ చేసే మనిషి. ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

"ట్యూనింగ్ దేనికమ్మా? స్పీడు కోసమా?" అని అడిగాడు, ల్యాప్‌టాప్ పక్కకు జరిపి.

"అబ్బే, లేదండీ. లారీని దాటేటప్పుడు కారు నన్ను నడిరోడ్డు మీద వదిలెయ్యకుంటే చాలు."

గడ్డం తల ఊపాడు. "ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చొచ్చు. కుర్రాళ్ళు అడిగే గట్టి ట్యూన్ మీకొద్దు. మెత్తటిది వేస్తే ఎత్తు మీద బలం వస్తుంది. లేదంటే అదే పని చేసే చిన్న పెట్టె ఒకటుంది. తగిలించుకుని, సర్వీసుకిచ్చే ముందు ఊడదీసుకోవచ్చు. ఏది చేసినా ఒక మాట ముందే చెబుతున్నా. రేపు ఇంజన్‌కి ఏదైనా అయితే కంపెనీవాళ్ళు చేతులెత్తేస్తారు. వారంటీ పోదని ఎవరైనా చెబితే నమ్మకండి."

"మళ్ళీ పాత ప్రోగ్రాం ఎక్కించేసి తీసుకెళ్తే?" అన్నాడు తమ్ముడు.

"ఎన్నిసార్లు మార్చామో అందులో లెక్కుంటుంది బాబూ. చూడాలనుకున్నవాడికి కనబడుతుంది."

ఆలోచించుకుని వస్తానని ఆమె లేచింది. ఆ వారం రోజూ లారీల వెనక పాక్కుంటూ వెళ్ళింది. వెనకున్న వాళ్ళు హారన్లతో తిట్టిపోశారు. చివరికి మెత్తటి ట్యూనే వేయించుకుంది. పెట్టె వద్దంది. సర్వీసుకి వెళ్ళే ప్రతిసారీ దొంగసొత్తులా దాచడం తనవల్ల కాదనిపించింది. భర్త దగ్గర దాస్తున్నది కూడా అలాంటిదేనని ఆమెకు తెలియక కాదు.

కొండ దారిలో కారు హాయిగా సాగింది. కానీ రోడ్డు మీది భయం ఇంట్లోకొచ్చి తిష్ఠ వేసింది. సర్వీస్ సెంటర్ నుంచి మామూలు ఫోనొచ్చినా వంటింట్లోకి వెళ్ళి మాట్లాడేది. ఒక ఆదివారం భర్త కారు నడిపి వచ్చి, "ఏంటే, ఈ మధ్య మన బండి భలే లాగుతోంది!" అన్నాడు.

"మంచి పెట్రోలు పడి ఉంటుందండీ," అంది, ఆయన మొహం చూడకుండా.

ఇంకొన్నాళ్ళకు ఎత్తు ఎక్కుతుండగా ఏదో ఊడినట్టు ఉస్సుమని శబ్దమైంది. బలం చచ్చిపోయింది. డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుప్పచ్చగా వెలిగింది. ఎలాగో ఇల్లు చేరింది. భర్త ఆ దీపం చూసి, "దీనికింత బెంబేలెందుకే? వారంటీ ఉందిగా!" అని ధీమాగా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఇద్దరూ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళారు. వెయిటింగ్ రూము అద్దం అవతల మెకానిక్ కారుకి వైరు తగిలించి తెరవైపు చూస్తున్నాడు. చూసి, ఇంకో మనిషిని పిలిచాడు. ఇద్దరూ వంగి చూశారు.

"ఏవండీ, వాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పాలి," అంది. బస్సు, తమ్ముడు, గడ్డం, అన్నీ చెప్పేసింది.

"మీ తమ్ముడికి తెలుసు. ఎవడో గడ్డంవాడికి తెలుసు. నాకు తెలియకూడదా?" అన్నాడాయన.

"ఉద్యోగం మానెయ్యమంటారని..."

"అంటానేమో. అననీ. నువ్వు పోట్లాడవా? ప్రతి చిన్నదానికీ పోట్లాడతావుగా!"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. అంతలో సర్వీస్ సెంటర్ ఆవిడ వచ్చి, గొంతు తగ్గించి విషయం చెప్పింది. గాలిని గట్టిగా నెట్టే టర్బో నుంచి ఇంజన్‌కి వెళ్ళే గొట్టం ఊడింది. ప్రోగ్రాం మార్చినట్టు కనబడుతోంది కాబట్టి ఇది వారంటీలోకి రాదు. ఇక మీదట ఇంజన్, గేర్‌బాక్స్ దేనికీ రాదు. ఏసీ, స్టీరింగు లాంటివాటికి మాత్రం ఉంటుంది.

"అంటే ఇంజన్ పోయినా ఏసీ మాత్రం చల్లగా ఉంటుందన్నమాట," అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. గొట్టం తామే మార్పించుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళు ఆయన పొడిపొడిగా మాట్లాడాడు. ఒకరోజు పొద్దున్నే, "పాత ప్రోగ్రాం ఎక్కించేస్తే వారంటీ తిరిగొస్తుందా?" అని అడిగాడు.

"రాదటండీ. వచ్చినా నేను మార్పించను. ఆ దారిలో వెళ్ళేది నేను."

ఆయన షాపు తాళాలు తీసుకుని బయల్దేరాడు. సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, బావ పొద్దున్నుంచీ గడ్డం షెడ్డులోనే ఉన్నాడంట! ఏ ఆయిల్ వెయ్యాలి, ఎప్పుడు మార్చాలి, ఏ గొట్టం ఎప్పుడు బిగించాలి అని పీక్కు తింటున్నాడంట. మీ బావని తీసుకెళ్ళిపో బాబూ అని గడ్డం నా కాళ్ళావేళ్ళా పడుతున్నాడు."

ఆమె చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వింది.

ట్యూన్ అలాగే ఉంది. కొండ దారిలో ఏ చిన్న చప్పుడు వినబడినా ఇప్పటికీ ఆమె గుండె ఝల్లుమంటుంది. అలాంటప్పుడు కారు పక్కకు ఆపి ముందు ఆయనకే ఫోన్ చేస్తుంది. ఆయన తిడుతూనే ఆ చప్పుడు ఎలా వచ్చిందో నోటితో చేసి వినిపించమంటాడు.