ఒంటెను ఇచ్చే ఆట

చెన్నరాయప్పకు ఒళ్లు మండింది జయప్రకాశ్ మీద కాదు, అతను క్యాంటీన్ బల్ల మీద తెరిచి పెట్టిన చదరంగం పుస్తకం మీద.

"చూడప్పా, నీ ఆట ఈడ ఉంది. నాలుగో ఎత్తుకే బంటు కోసం ఒంటెను ఇచ్చేస్తావే, అదే. పక్కన రెండు ప్రశ్నగుర్తులు వేసినారు. పనికిరాని ఎత్తని అర్థం."

"ఆ గుర్తులు వేసిన ఆయప్ప మన క్యాంటీన్లో కూర్చోని ఆడినాడా సార్?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వరా మరి. ఈ హోసూరు ఫ్యాక్టరీలో లేత్ పనికి చేరినప్పటి నుంచి, పదకొండేళ్లుగా చెన్నరాయప్ప అందరినీ ఆ ఆటతోనే కొట్టాడు. ఒంటె వెళ్లి రాజు పక్క బంటును కొట్టి చెక్ చెబుతుంది. రాజు దాన్ని తినేస్తాడు. వెనకే గుర్రమూ పోతుంది. అప్పుడు మంత్రి దూసుకొస్తాడు. బెదిరిన రాజు నడిబోర్డులోకి పరుగెత్తి చస్తాడు.

కానీ ఈసారి ఊరికే ఆట కాదు. కృష్ణగిరిలో ఫ్యాక్టరీల మధ్య పోటీ. నలుగురి జట్టులో ముగ్గురు ఖాయం. నాలుగో చోటుకు ఆదివారం ఇతనూ, ఇంజనీరు జయప్రకాశూ ఒక్క ఆట ఆడాలి. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి కంపెనీ పేరున్న చొక్కా తొడుక్కుని జట్టుతో బస్సెక్కే అవకాశం మళ్లీ రాదు.

అందుకే వారమంతా ఫ్యాక్టరీ జాబ్ కార్డుల వెనక ఎత్తులు రాసుకుంటూ కూర్చున్నాడు. గురువారం లొసుగు కనిపించింది. ఆరో ఎత్తుకు రాజు ముందుకు పరుగెత్తకుండా ఒక్క గడి వెనక్కి జరిగితే చాలు. అంతే. దాడి లేదు, ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఒక్కడికీ ఆ బుద్ధి పుట్టలేదు, తనతో సహా.

"అన్నం పెట్టి అరగంటాయె. ఆ కొయ్య రాజుకు పెట్టేదా?" అంది భార్య సుబ్బక్క.

మర్నాడు తళి బస్సెక్కాడు. ఈ ఆట నేర్పింది అక్కడి బామ్మర్ది నంజప్పే. అతను తోటలో క్యాబేజీ కోస్తున్నాడు.

"నంజప్పా, రాజు వెనక్కి జరిగితే నాకేం మిగిలిందిరా?"

"దాని దూకు పోయింది కదా బావా."

"ఏం దూకు?"

"మన పల్లె ఆటలో రాజు ఒకేసారి గుర్రం మాదిరి దూకొచ్చు కదా. చెక్ తగిలిందంటే ఆ దూకు పోయె. అది పోగొట్టేకే ఒంటెను ఇచ్చేది."

"ఫ్యాక్టరీ ఆటలో ఆ దూకే లేదు."

నంజప్ప కొడవలి ఆపి చూశాడు. "లేనిదాన్ని పోగొట్టేకి పదకొండేండ్లు ఒంటెను ఇస్తా వచ్చినావా?"

పైగా ఇంటికని రెండు క్యాబేజీలు సంచిలో వేశాడు. వాటిని ఒళ్లో పెట్టుకుని హోసూరు దాకా చెన్నరాయప్ప పళ్లు నూరుతూనే ఉన్నాడు.

ఆదివారం అతను ఒంటెను ఇవ్వలేదు. పుస్తకం మెచ్చేలా, బుద్ధిగా ఆడాడు.

"ఇదేందప్పా, ఒంటెను ఇయ్యవా? దానికోసరం రాత్రిళ్లు చదివినానే," అన్నాడు జయప్రకాశ్, పెళ్లిలో పాయసం అందనివాడిలా.

ఐదో ఎత్తు దాటాక చెన్నరాయప్పకు దారి తెలియలేదు. ఒక్కో బంటే పోయింది. రెండు గంటల తర్వాత ఓటమి ఒప్పుకుని రాజును పడుకోబెట్టి లేచాడు.

"చదివినదంతా వేస్టు చేయొద్దప్పా," అని జయప్రకాశ్ అతన్ని మళ్లీ కూర్చోబెట్టాడు. "ఊరికే ఒక్కసారి ఆ ఆట ఆడు."

ఆడాడు. ఒంటె పోయింది, గుర్రం పోయింది, మంత్రి వచ్చాడు. జయప్రకాశ్ రాజు మీద వేలు పెట్టి తలెత్తాడు.

"పుస్తకంలో వెనక్కి పొమ్మని ఉంది. నువ్వు దానికి విరుగుడేదో పెట్టుకోని ఉన్నావు."

"ఏమీ లేదు సార్. వెనక్కి పో. అదే సరి."

"నన్ను ఏమారుస్తావా?" జయప్రకాశ్ నవ్వి రాజును ముందుకు జరిపాడు.

ఇంకో తొమ్మిది ఎత్తుల్లో ఆ రాజు నడిబోర్డులో చచ్చాడు. క్యాంటీన్ అంతా బల్లలు చరిచింది.

"ఇదే ముందు ఆడుంటే కృష్ణగిరికి నువ్వే పోతా ఉంటివి కదప్పా," అన్నాడు జయప్రకాశ్, చొక్కా కొలత రాసే కాగితం మీద తన పేరు రాసుకుంటూ.

"వెనక్కి పొమ్మని చెప్పినాను కద సార్," అన్నాడు చెన్నరాయప్ప, ఒంటెను వెతికి డబ్బాలో వేస్తూ.