బాబాయ్ వేసుకున్న కోటు

లోపల తడిగా ఉంది, ఇంకా తడిగానే ఉంది, కోటు బయటంతా బొగ్గులా మాడిపోయింది, ముట్టుకుంటే మసి వేళ్లకి అంటుకుంటోంది, లోపల చెయ్యి పెడితే మాత్రం చెమట, ఉత్త చెమట, ఇంకొకప్పుడైతే ముక్కు మూసుకునేదాన్ని, బాబాయ్‌ని ఆసుపత్రి గదిలోకి తీసుకెళ్తూ దీన్ని విప్పి నా చేతిలో పెట్టారు, అప్పటినుంచీ ఈ బెంచీ మీద కూర్చుని తడుముతూనే ఉన్నాను, అస్తరుకి ఒక్క చిల్లు లేదు, మళ్లీ చూశాను, లేదు, అంటే ఒంటికీ ఏమీ కాలేదనేగా, ఆ డాక్టరు తలుపు తీసి అవునంటే బాగుండు.

సొంత బాబాయ్ కాదు, ఫ్యాక్టరీ మొత్తానికి బాబాయే, అందరికంటే పెద్ద ఎలక్ట్రీషియన్, నేనేమో కరెంటు ప్యానెళ్ల మీద హెచ్చరిక స్టిక్కర్లు అంటించేదాన్ని, లోపల మంట ఎగిస్తే ఎంత వేడి కొడుతుందో లెక్కగట్టి, ఏ బట్టలు వేసుకుని తలుపు తియ్యాలో రాసిపెట్టడం నా ఉద్యోగం, అందుకే స్టిక్కరమ్మనయ్యాను, ఆ పేరు పెట్టిందీ బాబాయే, మొన్నామధ్య పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి పెద్దది పెట్టారు, మళ్లీ లెక్క వేస్తే వేడి బాగా పెరిగింది, పల్చటి కోటు ఇంక చాలదు, మందపాటి కోటు, ముఖమంతా కప్పే ముసుగు, గ్లౌజులు, అన్నీ ఉండాలని కొత్త స్టిక్కరు అంటిస్తుంటే బాబాయ్ వెనకాలే నిలబడి, ఏమ్మా స్టిక్కరమ్మా, ఈ ఉక్కలో అంత పరుపు చుట్టుకుని నేను స్విచ్చు ఆపాలా, చంద్రుడి మీదకి వెళ్లాలా అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే స్టిక్కరు అంచులు మళ్లీ మళ్లీ నొక్కాను, ఇదివరకు పనిచేసిన చోట ఒకతను నా స్టిక్కరు పైకే చదివి వినిపించి, ఒక్క నిమిషం పనేగా అంటూ మామూలు చొక్కాతో తలుపు తీశాడు, మంట ఎగిసి కొట్టింది, తర్వాత వెళ్లి చూస్తే స్టిక్కరు చెక్కుచెదరలేదు, అక్షరాలు తళతళలాడుతున్నాయి, అతను మాత్రం మళ్లీ పనిలోకి రాలేదు, ఆ స్టిక్కర్ని నేనే గోళ్లతో గీకి తీశాను, ఇంక ఈ ఉద్యోగం మానేద్దామనుకున్నాను, అయినా ఇంకోచోట మళ్లీ ఇదే పని.

ఇవాళ మరమ్మతుకి ముందు కరెంటు ఆపాలి, ఆపాలన్నా ఆ ప్యానెల్ దగ్గరికే వెళ్లాలి, బాబాయ్ స్విచ్చు లాగాడు, లోపల ఏదో సడలి ఉందట, కరెంటు తీగని వదిలి గాల్లోకి దూకింది, రెప్పపాటు, గదంతా తెల్లటి మంట, పిడుగు పడ్డట్టు చప్పుడు, నేను మేడ మీదున్నాను, ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి, మెట్లు ఎలా దిగానో తెలీదు, పొగలోంచి ముసుగేసుకున్న ఆకారం ఒకటి తూలుతూ వచ్చింది, నడిచి, తన కాళ్ల మీద తనే నడిచి, అయ్యో, అదిగో వరండాలో పిన్ని వస్తోంది, బాబాయ్ భార్య, ఆయన ఫోన్లో ఫోటో చూశానంతే, జడ సగంలోనే వదిలేసి పరుగెత్తుకొస్తోంది, ఎక్కడమ్మా ఆయన, లోపల చూస్తున్నారు పిన్నీ, నడిచే వచ్చాడు, మాట్లాడాడు కూడా, ఆవిడ నా ఒళ్లో కోటు చూసింది, నా ముఖం చూసింది, ఆ స్టిక్కర్ల పిల్లవి నువ్వేనా, అవునన్నాను, చెంప పగలగొడుతుందేమో అనుకున్నాను.

పక్కన కూలబడి నా చెయ్యి పట్టుకుంది, ఆ కోటు మొదలెట్టిన దగ్గర్నుంచీ ఆయన వీపంతా చెమటకాయలే తల్లీ, రోజూ పౌడరు రాస్తూ నిన్ను నేను తిట్టని తిట్టు లేదు, ఫ్యాను కింద కూర్చుని రాసేదానికి ఏం తెలుస్తుంది, విప్పి పారెయ్యరాదా అన్నాను, దానికి మీ బాబాయ్ ఏమన్నాడో తెలుసా, ఆ పిల్ల నవ్వుతోంది గానీ స్టిక్కరు అంటిస్తుంటే చేతులు వణికాయే, వట్టి కాగితానికి ఎవరూ అలా వణకరు, ఏం చూసి వచ్చిందో ఏమో అన్నాడు, అంటూ పిన్ని నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు, నేనేం చేస్తున్నానో కూడా.

తలుపు తెరిచారు, డాక్టరు చెప్పింది సగమే వినిపించింది, మెడ దగ్గర కాస్త కమిలింది, చెవుల్లో హోరు కొన్నాళ్లుంటుంది, ఇంటికి తీసుకెళ్లొచ్చు, ఇంటికి, ఇంటికే, వెనకాలే బాబాయ్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి పిన్నితో, ఎందుకే ఏడుస్తావు, నాకు ఆకలేస్తుంటే అని వరండా అదిరిపోయేలా అరిచాడు, తన గొంతు తనకే వినపడట్లేదు పాపం, నన్ను చూసి రెండు చేతులూ జోడించబోతే గబుక్కున పట్టేసుకున్నాను, వద్దు బాబాయ్, నేను పెట్టాలి మీకు దండం, ఆఁ, ఏంటమ్మా, గట్టిగా చెప్పు, నేను పెట్టాలి బాబాయ్, వేసుకున్నందుకు, నా మాట నమ్మినందుకు, అని అరిచాను, నర్సు కసురుకుంది, జనం తిరిగి చూశారు, చూడనీ, నేను లెక్క కట్టాను, రాశాను, అంటించి వచ్చేశాను, ఉక్కలో, నలుగురూ నవ్వుతుంటే, ఎవరూ చూడనప్పుడు కూడా వేసుకున్నది ఆయన, ప్రాణం ఆయనది, నిలబెట్టుకున్నదీ ఆయనే, పనిలో పనిగా నన్నూ నిలబెట్టాడు.