నాలుగో సిలిండరులో బుడగలు

“గ్యాస్కెట్ లీకంట! నాలుగో సిలిండరు!” అని ఢిల్లీబాబు ఫోన్లో అరిస్తే, పక్కషెడ్డు సుత్తి దెబ్బలకు ‘కెట్’ నలిగిపోయి, గ్యాస్ లీకు, నాలుగో సిలిండరు అన్నవే ఇల్లు చేరాయి. అతని భార్య శకుంతలమ్మ పొయ్యి ఆర్పి, సిలిండరును వీధిలోకి దొర్లించి, ఎదురింటి తిరుమలమ్మను వెంటబెట్టుకుని, ఆటోలో రేణిగుంట రోడ్డు మీది మెకానిక్ షెడ్డుకు వచ్చి పడింది.

“ఏం మామా, ఇంట్లో ఉండేవి రెండు సిలిండర్లే గదా! నాలుగోది యాడ పెట్టినావు? ఎవురింట్లో?”

“ఇంట్లోది కాదుమే, ఇంజన్లోది! గ్యాస్ కాదు, గ్యాస్కెట్టు. హెడ్డుకూ బ్లాకుకూ నడమ ఉండే రేకు.”

షెడ్డులో జనం పగలబడి నవ్వారు. మెకానిక్ ఏబెల్ మాత్రం నవ్వలేదు. ఏబెల్ నవ్వలేదంటే ఏదో బండికి మూడిందని అర్థం.

ఆ బండి ఢిల్లీబాబు ట్యాక్సీ. శ్రీకాళహస్తికీ తిరుమలకూ యాత్రికులను తిప్పడమే దాని బతుకు, అదే అతని బతుకు. వేసవికి ముందు ఇదే షెడ్డులో ఏబెల్ ఇంజను మొత్తం విప్పి కొత్తగా కట్టాడు. అప్పటినుంచీ ఒక వింత పట్టుకుంది. రాత్రి నింపిన రేడియేటరు తెల్లారేసరికి వెలితి. కింద నేల చూస్తే పొడి. ఎవరో వచ్చి తాగి, మూతి తుడుచుకుని పోయినట్టు! పొద్దున స్టార్టు చేస్తే బండి పండు ముసలాడిలా దగ్గి, కూలెంటు తియ్యటి వాసన వేసే తెల్ల పొగ వదిలేది. పొగరు దిగింది గాని పొగ దిగలేదు. నిన్న ఘాట్‌రోడ్డులో, వెనక సీట్లో చంటిబిడ్డ తల్లి ఉండగా, ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. పక్కన లోయ. బానెట్టు కింద ఎవరో గొంతు పుక్కిలిస్తున్న చప్పుడు.

ఇవాళ ఏబెల్ చల్లటి ఇంజను మీదే రేడియేటరు మూత తీసి స్టార్టు చేశాడు. నీళ్లు కదల్లేదు. తర్వాత ఒక బుడగ లేచింది. ఇంకొకటి. ఆపైన వరసగా. ఢిల్లీబాబు వేలు ముంచి చూశాడు. నీళ్లు చల్లగానే ఉన్నాయి. కాగకుండానే ఉడుకుతున్నాయి! ఏబెల్ ఒక్కో ప్లగ్గు వైరు పీకి, మళ్లీ తగిలిస్తూ పోయాడు. నాలుగోది పీకగానే బుడగలు సన్నగిల్లాయి. ప్లగ్గులు విప్పితే మూడు ఇటుకరంగులో ఉన్నాయి. నాలుగోది ఆవిరి పట్టి కడిగినట్టు తెల్లగా మెరిసింది. ఇల్లు తలకిందులు చేసిన ఫోను అప్పుడు చేసిందే.

“గ్యాస్కెట్టు కాలింటే మార్చుకుందాం. బ్లాకే పగిలింటే...” ఇన్నాళ్లూ బండి నీళ్లు తాగితే, ఇప్పుడు ఏబెల్ నీళ్లు నమిలాడు.

మిగతాది ఢిల్లీబాబుకు తెలుసు. ఆ మోడలు ఆగిపోయి చాలా కాలమైంది. బ్లాకు పగిలితే బ్లాకులో కూడా దొరకదు. యాభై దాటినవాడి చేతికి తమ స్టీరింగు ఇచ్చే ఓనర్లు లేరు. బండి పాత ఇనుమైతే తనూ పాత ఇనుమే.

“తల తీస్తేగాని తలరాత తెలీదన్నా,” అంటూ ఏబెల్ పానా అందుకున్నాడు.

బోల్టులు ఒక్కొక్కటే కీచుమంటూ వదులయ్యాయి. “ఇరిగిన ఎముకకు పుత్తూరు కట్టు మాదిరి బిగించినా గదన్నా! హెడ్డు చదును పట్టించి, రెండు మొగాలూ నా సేత్తోనే తుడిచినా.” ఎవరూ అడక్కుండానే ఆ మాట రెండుసార్లు అన్నాడు. ఢిల్లీబాబు మనసులో పురుగు దొలిచింది: వీడు పాత గ్యాస్కెట్టు గాని వేశాడా?

హెడ్డు పైకి లేచింది. దాని అడుగున, నాలుగో సిలిండరు అంచుకూ నీళ్ల రంధ్రానికీ మధ్య, బొటనవేలి ముద్రంత నల్ల మచ్చ. ఏబెల్ హెడ్డును పక్కన పెట్టించి, గ్యాస్కెట్టు రేకు ఒలిచి, ముందు బ్లాకు మీదికి వంగాడు. కిరసనాయిలు పూసి, ఆగి, పొడిగా తుడిచి, పైన సుద్దపొడి చల్లాడు. పగులుంటే, అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్ద మీద గీతలా నానుతుంది.

పక్కషెడ్డు సుత్తి కూడా ఆగింది. శకుంతలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్లటి సుద్దలో ఒక చుక్క నల్లబడింది. ఢిల్లీబాబు ఇంకా కిందికి వంగాడు. ఇంకో చుక్క పడ్డాక తెలిసింది, అది తన నుదుటి చెమటే.

“దూరం జరుగన్నా!”

అందరూ చూస్తూనే ఉన్నారు. గీత రాలేదు.

“బ్లాకు బతికిందన్నా,” అని ఏబెల్ ఊపిరి వదిలి, హెడ్డు మీది మచ్చను గోటితో గీకాడు. నల్ల పెచ్చు ఊడింది. కింద ఎరుపు. వాసన చూశాడు. “తుప్పు గాదే ఇది. కుంకుమ!”

“నేనే పెట్టినా,” అంది శకుంతలమ్మ, వినీవినపడకుండా. “ఇంజను కట్టిన పొద్దు నేనూ ఈడే ఉన్నా గదా, నువ్వు సేతులు కడుక్కోను పోయినావు. ఆ ఇనప మొగం అద్దం మాదిరి మెరస్తా ఉండాది. కొత్త మొగాన్ని బొట్టు లేకుండా మూస్తారా అని, పసుపు తడిపి, పైన కుంకుమ...”

“నన్నడగొచ్చు గదా వదినా!”

“నువ్వు చర్చికి పొయ్యేవాడివి. అడిగితే కాదనలేక ఇబ్బంది పడతావని...”

ఢిల్లీబాబు అరవబోయాడు. కానీ ఇందాకటి అనుమానం గుర్తొచ్చి ఏబెల్ ముఖం చూడలేక, గుడ్డ తీసుకుని బ్లాకు మీది సుద్ద తుడవసాగాడు.

“ఏం జరిగిందప్పా?” అని వెనకనుంచి తిరుమలమ్మ.

ఏబెల్ రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి అందరికీ చూపించాడు. “హెడ్డూ బ్లాకూ నడమ రేకును నొక్కిపట్టి ఇట్ల అంటుకోవల్ల. హెడ్డుకూ రేకుకూ నడమ వదిన బొట్టు పడింది. అది ఎండి, పెచ్చులై, నీళ్లకు కరిగి దారి ఇడిసింది. ఆ దారిన గ్యాసు నీళ్లలోకి వచ్చె, నీళ్లు సిలిండర్లోకి పోయె. అందుకే నేల తడవలా. ఒకసారి తుడిచినా గదా అని మళ్లీ సూడకుండా మూసింది మాత్రం నేనే.”