సుద్దముక్కతో గీసిన కిటికీ

మంచం పట్టిన మూడో నెలలో మా ఆవిడ ఒక కోరిక కోరింది. పడుకుని చూస్తే కిటికీలోంచి ఆకాశం తప్ప ఏమీ కనిపించడం లేదట. కిటికీ కింద గోడ కొంత కొట్టించి, అంచు కిందికి దించితే వీధి చూసుకుంటానంది.

మేస్త్రిని పిలిచాను. అతను గుమ్మంలోనే చెప్పేశాడు.

"చూసి లెక్క చెప్పడానికి మూడు వందలు తీసుకుంటాను సార్. పని నాకే ఇస్తే అందులో తగ్గించేస్తాను."

"చూసినందుక్కూడా డబ్బులా? ఇంకెవరూ అడగరే!"

లోపలి నుంచి మా ఆవిడ అందుకుంది. "డాక్టరుకి ఇవ్వట్లేదేంటండీ? ఆయన మాత్రం చూసి పెదవి విరవడం తప్ప ఏం చేశాడు!"

మేస్త్రి నవ్వుతూ లోపలికి వచ్చాడు. టేపు తీయలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తల ఆమె దిండు ఎత్తుకు వంచి, ఒక కన్ను మూసి గోడకేసి చూశాడు.

"ఎందాకా కనపడాలమ్మా?"

"గేటు దాకా బాబూ. ఎవరొస్తున్నారో తెలిస్తే జుట్టన్నా సర్దుకుంటాను."

అతను బయటికెళ్ళి గేటు ఎత్తు కొలిచి వచ్చాడు. గోడ తట్టి చూశాడు. కిటికీ కింద సుద్దముక్కతో నలుచదరంగా గీశాడు.

"నాలుగు రోజుల పని. సోమవారం మొదలెట్టేస్తాను సార్."

"ఆలోచించి చెబుతాను" అన్నాను. మూడు వందలు ఇవ్వలేదు. అతనూ మళ్ళీ అడగలేదు.

ఊరికే చూసిపెట్టేవాళ్ళు ముగ్గురు దొరికారు. ఒకడు గుమ్మం దాటకుండానే అంకె చెప్పాడు. ఇంకొకడు ఫొటో పంపమన్నాడు. అందరికన్నా తక్కువ చెప్పిన మూడోవాడికి పని ఇచ్చాను. ఫోన్ చేసినప్పుడల్లా "దారిలో ఉన్నా సార్" అనేవాడు. ఐదు వారాలు దారిలోనే ఉన్నాడు.

ఈలోగా మా ఆవిడ ఆ గీతల్లోంచే వీధి చూడడం మొదలుపెట్టింది.

"ఏమండీ, పేపరతను మళ్ళీ గడియ వెయ్యకుండా పోయాడు."

వెళ్ళి చూస్తే గేటు నిజంగానే తీసి ఉండేది. చప్పుడు విని చెబుతోందని తెలుసు. అయినా ప్రతిసారీ లేచి వెళ్ళి గడియ వేసి వచ్చేవాణ్ణి.

ఆరో వారంలో ఆమె పోయింది. ఆ తెల్లవారుజామున కూడా ముఖం ఆ గోడవైపే ఉంది.

నెల తిరిగాక, ఆ మొదటి మేస్త్రి పనిచేస్తున్న చోటు వెతుక్కుంటూ వెళ్ళాను. సంగతి చెప్పాను. అతను తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. మూడు వందలు అందించాను. వద్దంటాడేమోనని భయపడ్డాను. అనలేదు. తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. అంత దయ ఈమధ్య నాకెవరూ చూపలేదు.

వెనక్కి తిరుగుతుంటే పిలిచాడు.

"సార్, ఒక్క మాట. ఆ గీత కాస్త పైకి గీశానేమోనని తర్వాత అనుమానమొచ్చింది. అమ్మగారికి గేటు కనపడేదంటారా?"

"కనపడేది" అన్నాను. "గడియ వేశారో లేదో కూడా చెప్పేది."